పగులును చదివే విద్య: తిరుపతి చుట్టూ పెరిగిన పదార్థ యాంత్రిక శాస్త్రం

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దాని ఒంటి మీద పగులు ఉన్న సంగతి కొత్త కాదు. అది వెడల్పు కావడంతో చుట్టుపక్కల వారిని ముందుగానే తప్పించారు. ఏ పగులు ఉన్నచోటే ఉండిపోతుంది, ఏది ఒక్కసారిగా పరుగెడుతుంది అన్న ప్రశ్నకు సమాధానం వెతికే శాస్త్రమే పదార్థ యాంత్రిక శాస్త్రం. మన ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పేరుతో రెండో సంవత్సరంలో గట్టెక్కాల్సిన పేపరుగానే ఎరుగుదురు.

గోడలోంచి పొడుచుకువచ్చిన దూలం ఎంత బరువుకు విరుగుతుందో 1638లో గెలీలియో లెక్కగట్టబోయాడు. 1678లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హుక్ సాగుదలకూ బలానికీ ఉన్న సంబంధాన్ని చెప్పాడు, 1822లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ ప్రతిబలానికి, అంటే పదార్థం లోపల ప్రతి చదరపు వైశాల్యం మీద పడే బలానికి, గణితరూపం ఇచ్చాడు. ఇవన్నీ లోపం లేని పదార్థం గురించిన మాటలు. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర ఇరుసు విరిగి రైలు ప్రమాదంలో ఎందరో చనిపోయాక, ఒక్కసారి మోపితే ఏమీ కాని బరువే లక్షల సార్లు పడితే ఉక్కును ఎందుకు తెంచుతుందన్న విచారణ ఊపందుకుంది. ప్రష్యాలో రైల్వే ఇంజనీరు వోలర్ ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి లోహపు ఆ అలసటను (ఫెటీగ్) కొలిచాడు. 1921లో బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ గాజును పరీక్షించి, పగులు పెరిగినప్పుడు విడుదలయ్యే శక్తి కొత్త ఉపరితలం ఏర్పడటానికి కావలసిన శక్తిని మించితే ఇక దాన్ని ఆపలేమని తేల్చాడు. నా దృష్టిలో ఈ శాస్త్రానికి అసలు మలుపు అదే.

ఈ విచారణల ఆనవాళ్లు మన జిల్లాలోనే ఉన్నాయి. తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపుకు వచ్చే బోగీల ఇరుసులను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించడం వోలర్ నేర్పిన జాగ్రత్తకు కొనసాగింపే. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో తయారయ్యే డక్టైల్ (విరగకుండా సాగే గుణమున్న) ఇనుప పైపుల కిటుకు కూడా పగులుదే: మామూలు పోత ఇనుములో రేకులుగా ఉండే గ్రాఫైట్ లోలోపలి పగుళ్లలా పనిచేస్తుంది, కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే అదే గ్రాఫైట్ గుండ్రటి గుళికలుగా మారి, పైపు పెళుసుదనం తగ్గుతుంది.

ఇక శ్రీహరికోట. 1971లో రాకెట్ ప్రయోగాలు మొదలైన ఆ దీవి 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడ సిద్ధమయ్యే, ఇస్రో భారీ రాకెట్‌కు అమర్చే ఎస్200 ఘన ఇంధన మోటారు వ్యాసం 3.2 మీటర్లు, అందులో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం. చూడటానికి గట్టిపడ్డ రబ్బరులా ఉండే ఆ ఇంధనంలో పగులు ఏర్పడితే మండే ఉపరితలం పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది, చివరికి ఉక్కు తొడుగే బద్దలు కావచ్చు. అందుకే ఇంధనం ఎంత సాగుతుందో, నిల్వలో ఎలా ముదురుతుందో కొలవడం అక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోలేని పని.

చదువు మాత్రం ఆలస్యంగా దగ్గరైంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, దాని ఇంజనీరింగ్ కళాశాల 1959లో వచ్చినా, ఈ రంగంలో లోతైన పరిశోధన కోరిన మన పిల్లలు చాలాకాలం చెన్నైకో బెంగళూరుకో వెళ్లారు. 2015లో తిరుపతి ఐఐటీ మొదలై, తర్వాత ఏర్పేడులో స్థిరపడ్డాక ఆ దూరం తగ్గింది. అయినా విద్యార్థుల చూపు సాఫ్ట్‌వేర్ వైపే ఉండటానికి కారణం జీతం ఒక్కటే కాదు, ఈ దారిని వారికి ఎవరూ చూపకపోవడం కూడా. ల్యాబ్‌లో కడ్డీలను లాగి పరీక్షించే యూటీఎం యంత్రం దవడల మధ్య మెత్తని ఉక్కు కడ్డీ నడుము సన్నబడి, ఠప్పున తెగిన క్షణాన ఆ ముక్కను తాకితే వెచ్చగా ఉంటుంది. రికార్డులో అంకెలు రాయించే మనం ఆ వెచ్చదనం ఎందుకని అడగం.

దారి ఉంది. గేట్ ద్వారా ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. 2023లో పరిశోధన విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలకు పెరిగింది. ఇస్రో, డీఆర్‌డీవో, కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధానీ వంటి చోట్ల ఈ చదువుకు నేరుగా పని ఉంది. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవన్నది నిజమే, ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి. గేట్‌లో మెకానికల్, మెటలర్జీ పేపర్లతో పాటు ఇంజనీరింగ్ సైన్సెస్ అనే పేపరు కూడా ఉంటుంది. అందులో సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ సైన్స్ భాగాలను ఎంచుకునే వీలు సివిల్ విద్యార్థికీ ఉంది.