గిల్టీ అని ఒప్పుకున్నాక ఒప్పందాల సంగతేంటి?

పెద్ద ఉద్యోగాల ఒప్పందాల్లో, కంపెనీల కొనుగోలు పత్రాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: నేరం రుజువైనా, నేరం ఒప్పుకున్నా, ‘నోలో కంటెండరే’ అని చెప్పినా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు అని. మొదటి రెండూ అర్థమవుతాయి, మరి ఆ మూడో లాటిన్ మాట ఎందుకు? అదే పత్రంలో ఇంకోచోట ‘మెటీరియల్ అడ్వర్స్ ఎఫెక్ట్’ అనే క్లాజు ఉంటుంది, అంటే వ్యాపారాన్ని గట్టిగా దెబ్బతీసేది ఏదైనా జరిగితే కొనేవాళ్లు వెనక్కి తగ్గొచ్చు అని. ఈ రెండూ ఒకే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. కంపెనీ కోర్టుకెళ్లి తప్పు ఒప్పేసుకుంది, ఇంతకంటే ప్రతికూల ప్రభావం ఇంకేముంటుంది అని వాళ్ల వాదన. కోర్టులు అలా చూడలేదు. ఎందుకో తెలియాలంటే అమెరికాలో వందేళ్లు వెనక్కి వెళ్లాలి, ఈ భాష చాలావరకు అక్కడే రాటుదేలింది కాబట్టి.

ముందు నేరం ఒప్పుకోవడం సంగతి. గిల్టీ అనగానే ముద్దాయి మూడు హక్కులు వదులుకున్నట్టే అని 1969లో బాయ్‌కిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది: తనకు వ్యతిరేకంగా తాను మాట్లాడకుండా ఉండే హక్కు, జ్యూరీ ముందు విచారణ, సాక్షుల్ని ఎదురుగా ప్రశ్నించే హక్కు. తెలిసి, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు రికార్డులో కనపడాలి. ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వ్యవహారం కూడా కాదు. ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం శిక్షలు నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవేనని అదే కోర్టు 2012లో రాసింది.

నోలో కంటెండరే అంటే ‘వాదించను’ అని. శిక్ష ఎలాగూ పడుతుంది, కానీ తర్వాత ఎవరైనా నష్టపరిహారం కోసం సివిల్ కేసు వేస్తే, అప్పుడు ఒప్పుకున్నావు కదా అని దాన్ని చూపించడానికి వీల్లేదు. కంపెనీలకు ఇది ఎంత అవసరమో 1914 నాటి క్లేటన్ చట్టం చూస్తే తెలుస్తుంది. ధరల కుమ్మక్కు కేసుల్లో ప్రభుత్వం గెలిస్తే, ఆ తీర్పును నష్టపోయిన కొనుగోలుదారులు తమ కేసుల్లో ప్రాథమిక సాక్ష్యంగా వాడుకోవచ్చని అందులో ఉంది. అయితే సాక్షుల విచారణ మొదలవకముందే రాజీ మీద వచ్చిన తీర్పైతే పనికిరాదు. నోలోని కోర్టులు ఈ రాజీ లెక్కలో వేశాయి, గిల్టీని వేయలేదు. పైగా ఆ కేసుల్లో కొనుగోలుదారుడు గెలిస్తే అతని నష్టానికి మూడు రెట్లు కంపెనీ కట్టాలి.

దీని అసలు బరువు 1961లో ఫిలడెల్ఫియాలో బయటపడింది. జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్‌తో కలిపి 29 కంపెనీలు టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ లాంటి వాటి ధరల్ని కూడబలుక్కుని నిర్ణయించాయని కేసు. కంపెనీలు నోలో ఇస్తామన్నాయి, న్యాయశాఖ అడ్డుపడింది, ముఖ్యమైన అభియోగాల్లో నోలో కుదరదని జడ్జి కలెన్ గేనీ తేల్చేశాడు. గిల్టీ అనక తప్పలేదు. ఏడుగురు అధికారులు 30 రోజుల జైలుకి వెళ్లారు, మొత్తం జరిమానా 20 లక్షల డాలర్ల లోపే. కానీ ఆ తర్వాత విద్యుత్ సంస్థలు, నగరాలు 1,800కి పైగా నష్టపరిహారం కేసులు వేశాయి, కంపెనీలు చివరికి కట్టింది జరిమానాకి ఎన్నో రెట్లు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే, ఎందుకంటే గిల్టీ అన్న మాటకి క్రిమినల్ కోర్టు వేసే వెల వేరు, బయట కట్టాల్సిన వెల వేరు అని ఇక్కడ అంకెల్లో కనబడింది.

నోలో చెప్పినంత మాత్రాన అన్నిచోట్లా తప్పించుకోవచ్చనీ కాదు. 1973 అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో నోలో చెప్పి అదే రోజు రాజీనామా చేశాడు, మరుసటి ఏడాది మేరీలాండ్ కోర్టు ఆయన లాయరు లైసెన్సు తీసేసింది. ఒప్పందాల్లో ఆ లాటిన్ మాటని విడిగా రాసేది ఈ సందు మూయడానికే: సాక్ష్యాల చట్టం నోలోని వదిలేసినా ఒప్పందం వదలకూడదని.

మామూలు మనుషుల విషయంలో ఈ బయటి దెబ్బ ఇంకా క్రూరంగా ఉంటుంది. హోసే పాడీయా అమెరికాలో 40 ఏళ్లకు పైగా చట్టబద్ధంగా ఉన్న మనిషి, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నావు, దేశం నుంచి పంపేస్తారన్న టెన్షన్ అక్కర్లేదని లాయరు చెబితే నమ్మి డ్రగ్స్ రవాణా కేసులో నేరం ఒప్పుకున్నాడు. చట్టప్రకారం ఆ నేరానికి బహిష్కరణ దాదాపు ఖాయం. ఆ సంగతి చెప్పడం లాయరు బాధ్యతేనని 2010లో సుప్రీంకోర్టు చెప్పేదాకా, ఇలాంటివి కేసుకి సంబంధంలేని పక్క పరిణామాలు అనే మాటే చాలా కోర్టుల్లో చెల్లింది.

కంపెనీల దగ్గరికి వస్తే 2002 అందరినీ భయపెట్టిన ఏడాది. ఆర్థర్ ఆండర్సన్ అనే ఆడిట్ సంస్థ నేరం ఒప్పుకోలేదు, జ్యూరీ ముందు ఓడిపోయింది. నేరం రుజువైన సంస్థ లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయడానికి వీల్లేదు కాబట్టి వ్యాపారమే పోయింది. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఏకగ్రీవంగా కొట్టేసినా తిరిగి లేవడానికి ఏమీ మిగల్లేదు. అందుకే ఆ తర్వాత నేరం ఒప్పుకున్న పెద్ద కంపెనీల లాయర్లు, లైసెన్సులూ అనుమతులూ పోకుండా రెగ్యులేటర్లతో ముందే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 2014లో బీఎన్‌పీ పారిబా బ్యాంకు దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టి నేరం ఒప్పుకుంది, బ్యాంకు నడుస్తూనే ఉంది.

ఇప్పుడు రెండో క్లాజు, అంటే ‘మెటీరియల్ అడ్వర్స్ ఎఫెక్ట్’ సంగతి. 2001లో టైసన్ కంపెనీ, ఐబీపీ అనే మాంసం కంపెనీని కొంటానని సంతకం చేసి తర్వాత వెనక్కి తగ్గింది. ఐబీపీ అనుబంధ సంస్థలో లెక్కల మోసం బయటపడింది, లాభాలూ పడిపోయాయి. ఈ క్లాజు కింద తప్పుకోవచ్చన్న టైసన్ వాదనని అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర జడ్జి లియో స్ట్రైన్ ఒప్పుకోలేదు. దెబ్బ కంపెనీ మొత్తం సంపాదన శక్తికి తగలాలి, అదీ నెలల లెక్కన కాదు, ఏళ్ల లెక్కన ఉండాలి అని చెప్పి, కొనాల్సిందేనని టైసన్‌ని ఆదేశించాడు. 2005లో ఫ్రాంటియర్, హోలీ అనే చమురు కంపెనీల విలీనం కేసులో తీర్పు వచ్చింది. ఫ్రాంటియర్ మీద పెద్ద కాలుష్యం కేసు పడబోతోందని హోలీ వెనక్కి తగ్గింది. ఆ కేసు వల్ల నిజంగా ఎంత నష్టమో హోలీ చూపించలేకపోయింది, కోర్టు ఆ వాదన తోసేసింది.

నేరం ఒప్పుకోవడం హోలీకి వచ్చిన చిక్కులో సగమే తీరుస్తుంది. తప్పు జరిగిందా లేదా అన్న అనుమానం పోతుంది. ఎంత దెబ్బ, ఎన్నేళ్ల దెబ్బ అన్నది అలాగే మిగులుతుంది, పెద్ద కంపెనీ కట్టే జరిమానా దాని విలువలో చిన్న ముక్క అయితే ఈ క్లాజు కదలదు. డెలావేర్ కోర్టు మొదటిసారి కొనేవాళ్ల వైపు తీర్పిచ్చింది 2018లో, ఫ్రెజీనియస్, ఏకార్న్ మందుల కంపెనీల కేసులో. అక్కడ ఏకార్న్ వ్యాపారం వరసగా కుప్పకూలింది, దానికి తోడు అమెరికా మందుల నియంత్రణ సంస్థకిచ్చే డేటాలో లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేయడానికి అయ్యే నష్టం కంపెనీ విలువలో ఐదో వంతు ఉంటుందని జడ్జి లెక్కగట్టాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఏకార్న్ ఏ నేరమూ ఒప్పుకోలేదు. నేరం ఒప్పుకోకుండానే క్లాజు పనిచేసింది.

కొనడం పూర్తయ్యాక బయటపడితే ఇంకో కథ. జపాన్‌కి చెందిన దైచీ శాంక్యో 2008లో మన దేశపు మందుల కంపెనీ ర్యాన్‌బ్యాక్సీని కొంది. 2013లో ర్యాన్‌బ్యాక్సీ అమెరికా విభాగం నేరం ఒప్పుకుంది, మొత్తం 50 కోట్ల డాలర్ల సెటిల్‌మెంటు. అప్పటికి వెనక్కి తగ్గే క్లాజు ఎందుకూ పనికిరాదు, డీల్ ముగిసి ఏళ్లయింది. అమ్మినవాళ్లు నిజం దాచారన్న వాదనతోనే దైచీ సింగపూర్‌లో ఆర్బిట్రేషన్‌కి వెళ్లి 2016లో సుమారు 2,562 కోట్ల రూపాయల పరిహారం కట్టాలన్న తీర్పు తెచ్చుకుంది.

అందుకే నేర శిక్షల గురించి విడిగా క్లాజు రాయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను, అందులోనూ ఏ రోజుని లెక్కలోకి తీసుకుంటారన్నది చూసుకోవాలి. బోయింగ్ 2024 జులైలో 737 మ్యాక్స్ విమానాల కేసులో నేరం ఒప్పుకోవడానికి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, డిసెంబరులో జడ్జి రీడ్ ఓకానర్ ఆ ఒప్పందాన్ని తిరస్కరించాడు, 2025లో ప్రభుత్వం వేరే ఒప్పందం చేసుకుని కేసు వెనక్కి తీసుకుంది. ‘నేరం ఒప్పుకోవడానికి అంగీకరించినా’ అని రాసిన క్లాజు ఆ జులైలోనే పనిచేసేది. ‘నేరం రుజువైతే’ అని మాత్రమే రాసిన క్లాజుకి ఆ కేసులో ఒక్క రోజు కూడా పని పడేది కాదు.