ఛోటా భీమ్ పళ్ల మీద మచ్చలుండవు

1975 ఆగస్టులో మహబూబ్‌నగర్ జిల్లాలోని కొన్ని పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ వచ్చింది. సైట్ అనే ఆ ప్రయోగానికి నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు కార్యక్రమాలు. టీవీ అంటే పాఠం చెప్పే పంతులు అని అప్పటి ఆలోచన.

ఇప్పుడు అదే పల్లెల్లో పిల్లలు అన్నం తినాలంటే ఫోన్‌లో ఛోటా భీమ్ రావాలి. 2008లో మొదలైన ఆ కార్టూన్ తయారైంది మన హైదరాబాద్‌లోనే. భీమ్ పాఠాలేమీ చెప్పడు. అయినా పిల్లలు నేర్చుకునేది పంతులు దగ్గర కంటే దోస్తు దగ్గరే ఎక్కువ. 2011లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో, రెండేళ్లు నిండని పిల్లలకు గిన్నెలను ఒకదానిలో ఒకటి సర్దడం వీడియోలో చూపారు. వాళ్లకు బాగా తెలిసిన ఎల్మో బొమ్మ చూపితే నేర్చుకున్నారు. ముక్కూమొహం తెలియని తైవాన్ బొమ్మ చూపితే అంతగా నేర్చుకోలేదు.

ఆ దోస్తులా తామూ అవ్వాలని పిల్లలు ఎప్పుడు అనుకుంటారు? 1996లో సింథియా హాఫ్నర్ అనే పరిశోధకురాలు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలను, నీకిష్టమైన టీవీ పాత్ర ఎవరని అడిగారు. మగపిల్లలు దాదాపు అందరూ మగ పాత్రనే చెప్పారు. ఆడపిల్లల్లో సగం మంది దాకా మగ పాత్రలనే ఎంచుకున్నారు. మగ పాత్రలా అవ్వాలనుకోవడానికి తెలివి ఒక కారణం. ఆడ పాత్రను ఎంచుకున్న ఆడపిల్లల విషయంలో మాత్రం అందం ఒక్కటే లెక్కకు వచ్చింది. తప్పు ఆ పిల్లలదని నేననుకోను. తెర మీద వాళ్లకు దొరికిన ఆడవాళ్లు అట్లాంటివాళ్లు. భీమ్ దోస్తు చుట్కీ కూడా ధైర్యం గల పిల్లే, కానీ కార్టూన్ పేరు భీమ్‌ది.

తనలాంటివాళ్లు తెర మీద లేకపోతే? 2012లో నికోల్ మార్టిన్స్, క్రిస్టెన్ హారిసన్ అమెరికాలో దాదాపు 400 మంది నల్లజాతి, తెల్లజాతి పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. టీవీ ఎక్కువ చూసినకొద్దీ తమ మీద తమకుండే గౌరవం మూడు గుంపుల్లో తగ్గింది: తెల్లజాతి ఆడపిల్లలు, నల్లజాతి ఆడపిల్లలు, నల్లజాతి మగపిల్లలు. పెరిగింది తెల్లజాతి మగపిల్లల్లోనే. హీరోలంతా వాళ్లలాగే ఉంటారు మరి.

ఇక నల్లగొండకు వద్దాం. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి పళ్లను పాడుచేసింది. శాశ్వత దంతాల పైపొర, అంటే ఎనామిల్, దాదాపు ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల లోపలే తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ మోతాదు మించితే పొర గట్టిపడదు, తర్వాత గోధుమరంగు గారలు పడతాయి. ఎంత తోమినా పోవు. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలు నయం. అంతకుముందు వాళ్లు ఫొటోలో నోరు మూసుకునే నవ్వుతారు. అట్లాంటి పళ్లున్న హీరో ఏ కార్టూన్‌లోనూ నాకు కనపడలేదు. టూత్‌పేస్ట్ యాడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన తెలంగాణ యాస కూడా సినిమాల్లో చాలా ఏళ్లు రౌడీకో కమెడియన్‌కో ఇచ్చారే తప్ప, హీరో డాక్టరో ఇంజనీరో అయితే ఆ మాట వినపడేది కాదు. ఈమధ్య కొంత మారింది.

తెర కంటే బలమైనది ఊళ్లో కళ్ల ముందున్న మనిషి కావచ్చు. పశ్చిమ బెంగాల్‌లో 495 ఊళ్లను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వరుసగా రెండుసార్లు పంచాయతీ పెద్ద పదవి మహిళకు రిజర్వయిన చోట ఆడపిల్లల ఆశలకు, మగపిల్లల ఆశలకు మధ్య తేడా 32 శాతం తగ్గింది. అక్కడ ఆడపిల్లలకు కొత్త ఉద్యోగాలేమీ రాలేదు, ఆమెను చూడటమే కారణమని పరిశోధకుల అభిప్రాయం. తెలంగాణలోనూ సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవే. కాకపోతే గ్రామసభలో మైకు పట్టుకునేది ఆమె భర్త అయితే, పిల్లలకు కనపడే సర్పంచ్ ఆయనే.