పిడికెడు బియ్యం ఏ ఖాతాలోకి?

పాలమూరు పల్లెల్లో కొన్ని క్రైస్తవ ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి చేరుతుంది. ఆరాధన ముగిశాక బియ్యాన్ని, దానితోపాటు వచ్చిన సొరకాయనో గుడ్లనో వేలం వేస్తారు. పాడేవాళ్లంతా సంఘంవాళ్లే కాబట్టి బజారు ధర కన్నా ఎక్కువే పలుకుతుంది. పేచీ మొదలయ్యేది ఆ తర్వాత, ఆ డబ్బు లెక్క రాసేటప్పుడు. గుడికి స్లాబు వేద్దామని పెద్దలు అంటారు. పక్క మండలంలో కొత్తగా ప్రార్థన పెట్టుకున్న నాలుగిళ్ల దగ్గరికి మనిషిని పంపుదామని యువకులు అంటారు. పాస్టరు జీతం సంగతి మాత్రం ఎవరూ ముందుగా ఎత్తరు.

దీన్ని పెద్దల మొండితనమనో, కుర్రాళ్ల ఆవేశమనో కొట్టిపారేయడం తేలిక. కానీ ఒకటి గుడిది, ఒకటి సువార్తది అన్న ఈ రెండు ఖాతాలూ వీళ్లు తెరిచినవి కావు.

మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో దక్షిణ రష్యా నుంచి వచ్చారు. మరుసటి ఏడాది నల్లగొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నీడన పని మొదలుపెట్టారు. వారిని పోషించింది ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో గోధుమ పండించిన మెన్నొనైట్ అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ రైతులు. అంటే నల్లగొండ సంఘం పుట్టుకే మరొకరి సువార్త ఖర్చు. అక్కడి రైతులు కూడా ముందు మన గుడి సంగతి చూసుకుందామనుకుని ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

బడి, వైద్యం, సువార్తికుల జీతాలు, ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే ‘బైబిల్ స్త్రీల’ జీతాలు చాలావరకు మిషన్ బంగళా నుంచే వచ్చేవి. వాటి పక్కన ఊరి సంఘం కానుక చిన్నది. అయితే సువార్త ఊరూరా పాకింది ఆ జీతాల వల్లనే అనుకుంటే పొరపాటు. పెళ్లికో చావుకో వెళ్లిన బంధువుల నోటివెంటే అది ఒక మాదిగ పల్లె నుంచి మరో మాదిగ పల్లెకు నడిచింది. అప్పుడు సంఘం పెరగడం, సువార్త పాకడం ఒకటే పని. దానికి వేరే పద్దు అక్కర్లేదు. ఇంతకు ముందే, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికి నేర్పే మనుషులు ఎక్కడున్నారన్న ప్రశ్న కూడా అప్పటిదే.

1917 రష్యా విప్లవం తర్వాత అక్కడి నిధులకు గండి పడింది. నల్లగొండ భారాన్ని అమెరికన్ బాప్టిస్టులు మోశారు. అప్పటికే నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు విస్తరించిన అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ సంఘంవాళ్లు 1937లో బాప్టిస్టుల నుంచి మహబూబ్‌నగర్ క్షేత్రాన్ని తీసుకున్నారు. పెద్దచేతులు మారాయి గానీ, దూరపు పని దొరలది, ఊరి గుడి మనది అన్న అలవాటు మారలేదు. స్వాతంత్ర్యం తర్వాత పగ్గాలు క్రమంగా స్థానికుల చేతికొచ్చాయి. భవనాలు, స్థలాలు వచ్చినంత సులువుగా వాటిని నడిపే డబ్బు రాలేదు. పిడికెడు బియ్యం మీద రెండు బరువులూ ఒకేసారి పడ్డాయి.

ఎదుగుదలను లెక్కపెట్టడం కూడా కష్టమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, తెలంగాణలో వారు బీసీ-సి కిందికి వస్తారు. పేరు రాయిస్తే ఆ హోదా పోతుందన్న భయంతోనే ఆదివారం చాప మీద కూర్చునేవాళ్లందరూ సంఘం రిజిస్టరులో కనబడరు. ఎందుకు రాయలేదని అడిగే హక్కు, పిల్లల చదువు చూసుకోవలసిన తల్లి ముందు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

ఇక వలస. పాలమూరు కూలీలు వెళ్లినచోటికి సంఘం కూడా వెళ్లింది. హైదరాబాద్ శివార్లలో రేకుల షెడ్డు నిండుతుంటే ఊళ్లో గుడి పలచబడుతోంది. నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లెలో కిందటి పంట పండుగకు ఒక తాపీమేస్త్రీ పట్నం నుంచి వచ్చి, తన తల్లి తెచ్చిన గుమ్మడికాయను ఎనిమిది వందలకు పాడుకున్నాడు. కోశాధికారి నోటుపుస్తకంలో ఎర్ర గీతకు ఒకవైపు ‘గుడి’, రెండోవైపు ‘సువార్త’.

“ఎటు రాయమంటావు నాయనా?”

“మా షెడ్డుకు ఇంకా కరెంటు మీటరు రాలేదన్నా” అన్నాడతను.

కోశాధికారి కాసేపు ఆలోచించి ‘సువార్త’ కింద రాశాడు. వెనక బెంచీలో ఒక పెద్దాయన గట్టిగా దగ్గాడు.