60 డాలర్ల డిన్నర్ 60 డాలర్లకు రాదు: రెస్టారెంట్ వీక్ అపోహలు – వాస్తవాలు

పోయిన జులైలో ఒక మంగళవారం రాత్రి, మా రెస్టారెంట్‌లో కిటికీ పక్క టేబుల్‌కి బిల్లు వెళ్లింది. కుర్రాడు నల్ల ఫోల్డర్ తెరిచి, చీటీ చూసి, వెంటనే దాన్ని తన వైపు తిప్పుకున్నాడు, ఎదురుగా కూర్చున్న నాన్నకి కనబడకుండా. మాన్‌హట్టన్‌లో పన్నెండేళ్లుగా ఇదే పని నాది. సర్వర్‌గా చేరాను, ఇప్పుడు కెప్టెన్‌ని. ఫోల్డర్ అలా తిరిగిందంటే లెక్క తప్పిందని నాకు దూరం నుంచే అర్థమవుతుంది.

వాళ్లది నా సెక్షన్ కాదు. నీళ్లు పోసే వంకతో దగ్గరికెళ్తే తెలుగు మాటలు వినబడ్డాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటారట. ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చారని, న్యూయార్క్ రెస్టారెంట్ వీక్ (చాలా రెస్టారెంట్లు ఒకే ధరకి కోర్సుల మెనూ పెట్టే రోజులు) కదా, 60 డాలర్లకి మంచిచోట మూడు కోర్సుల డిన్నర్ అని తీసుకొచ్చాడు. నలుగురికి 240 అనుకున్నాడు. చీటీలో ఉన్నది 347 డాలర్ల 31 సెంట్లు. దాని కింద టిప్పు గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ సీన్ నేను ఏటా రెండుసార్లు, జనవరిలో ఒక విడత, జులైలో ఒక విడత చూస్తూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. మిగతా అపోహలు తర్వాత. ముందు డబ్బులు పోయే అపోహ.

అపోహ: బోర్డు మీద 60 అంటే మనిషికి 60.

కాదు. ఆ 60 మూడు ప్లేట్లకి. స్టార్టర్, మెయిన్, డెజర్ట్, అంతే. తాగేది ఏదైనా, టాక్సు, టిప్పు అన్నీ బయటే. న్యూయార్క్ నగరంలో హోటల్ భోజనం మీద సేల్స్ టాక్సు 8.875 శాతం. దాని మీద 20 శాతం టిప్పు కలుపుకోండి. రెస్టారెంట్ వీక్‌లో ధరలు మూడే, 30, 45, 60. అదనంగా ఒక్క చుక్క తాగకపోయినా 30 అంటే 39, 45 అంటే 58, 60 అంటే 77 డాలర్లకి కాస్త అటూ ఇటూ. ఈ మూడు అంకెలు ఫోన్లో రాసి పెట్టుకోండి. నలుగురికి 60 మెనూ అంటే 309 డాలర్లు ఉంటేనే లోపలికి రావాలి. 240తో కాదు.

మరి ఆ కుర్రాడికి అంతకన్నా ఎక్కువ ఎలా అయింది? చీటీ వరస చెబుతాను, ఎందుకంటే ప్రతి లైనూ ఒక పాఠమే.

మొదటిది నీళ్లు. కూర్చోగానే సర్వర్ నవ్వుతూ “స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?” అంటాడు. మనవాళ్లు సోడా ఎందుకులే అని మర్యాదగా “స్టిల్” అంటారు. స్టిల్ అంటే మామూలు నీళ్లే, కానీ సీసా నీళ్లు. సీసా 9 డాలర్లు. అది అయిపోగానే అడక్కుండా ఇంకోటి తెరుస్తారు. 18 డాలర్లు. ఆ ప్రశ్నకి మూడో జవాబు ఒకటుంది, దాన్ని మేం నోటితో చెప్పం: “ట్యాప్”. కుళాయి నీళ్లు. ఉచితం. కాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వచ్చే న్యూయార్క్ కుళాయి నీళ్లకి మంచి పేరుంది. షిఫ్టు మధ్యలో మేమంతా తాగేది అవే. “ట్యాప్ ఈజ్ ఫైన్” అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. చూస్తే వాడి ఖర్మ.

రెండోది, మెనూలో ఒక వంటకం పక్కన చిన్న అక్షరాల్లో +15 అని ఉంటుంది. సప్లిమెంట్. స్టేక్ తీసుకుంటే 60కి తోడు ఇంకో 15. కోడలు అది చూసుకోలేదు. మూడోది, “టేబుల్‌కి కాస్త పొటాటోస్ తెమ్మంటారా?” అని అడిగితే తలాడించారు. రెస్టారెంట్ వీక్ మెనూలో లేని సైడ్ డిష్ అది, 14 డాలర్లు. నాలుగోది, రెండు మాక్‌టెయిల్స్, ఒక్కోటి 16. మొత్తం 319. టాక్సు 28.31. చివర అతను 20 శాతం టిప్పు రాశాడు, 63.80. కార్డు మీద పడింది 411 డాలర్ల 11 సెంట్లు.

ఇందులో మోసం ఏమీ లేదు. కానీ మా వాడు అడిగిన ప్రతి ప్రశ్నా బిల్లు పెంచే ప్రశ్నే, అది నేను కాదనను. సప్లిమెంట్లు, డ్రింకులు లేకపోతే రెస్టారెంట్‌కి ఈ ధర గిట్టుబాటు కావడం కష్టం. మాకు మీటింగుల్లో చెప్పేదీ అదే. ఇంకో మాట. సర్వర్ నోటితో చెప్పే “టునైట్స్ స్పెషల్” ఈ మెనూలోది కాదు. ధర చెప్పకుండా చెబుతాడు. “హౌ మచ్ ఈజ్ దట్?” అని అడగండి. ఇంటి అద్దె కట్టేవాళ్లందరూ అడుగుతారు, తెల్లవాళ్లు మనకన్నా ఎక్కువ అడుగుతారు.

అపోహ: ధర తగ్గించారు కాబట్టి టిప్పూ తగ్గించొచ్చు.

ఇక్కడ నాకు స్వార్థం ఉంది, దాచను. 2025లో న్యూయార్క్ నగరంలో కనీస వేతనం గంటకి 16.50 డాలర్లు. టిప్పు వచ్చే మాలాంటి వాళ్లకి యజమాని చేతి నుంచి 11 ఇస్తే సరిపోయేది, మిగతా 5.50 టిప్పుల్లోంచి రావాల్సిందే. చట్టమే అలా ఉంది. టిప్పంతా నా జేబులోకే వస్తుందనీ కొందరనుకుంటారు. ప్లేట్లు తీసే బస్సర్, వంటింట్లోంచి మోసుకొచ్చే రన్నర్, బార్ దగ్గరి మనిషి, అందరికీ వాటాలు. మేనేజర్‌కి మాత్రం ఉండకూడదు. రెస్టారెంట్ వీక్‌లో ఒక్కో టేబుల్ దగ్గర రెట్టింపు మంది కూర్చుని లేస్తారు, పనీ రెట్టింపే. టాక్సు ఎంతుందో చూసి దానికి రెట్టింపు రాసేస్తే దాదాపు 18 శాతం అవుతుంది, బుర్ర గోక్కోనక్కర్లేదు. పెద్ద గుంపుగా వెళ్తే కొన్నిచోట్ల టిప్పుని గ్రాట్యుటీ పేరుతో బిల్లులోనే వేసేస్తారు. చూసుకోకుండా మళ్లీ రాయకండి. అలా రెండుసార్లు రాసిన వాళ్లని వెనక్కి పిలిచి చెప్పిన రోజులున్నాయి.

అపోహ: ఆ వారాల్లో మిగిలిపోయినవి వండి పెడతారు.

ఈ వాట్సాప్ జ్ఞానం వింటే నాకు ఒళ్లు మండుతుంది. అదే వంటిల్లు, అదే మనుషులు, అదే మార్కెట్ సరుకు. నిజం ఏమిటంటే మెనూ చిన్నది, ఒకేసారి ఎక్కువమందికి పెట్టగలిగేవి ఎంచుకుంటారు. షార్ట్ రిబ్ (బీఫ్ పక్కటెముక ముక్క) పొద్దున్నే పెద్ద గిన్నెలో నాలుగైదు గంటలు ఉడుకుతుంది, రాత్రి వేడి చేసి పెట్టడమే. పెళ్లి భోజనంలో పప్పు ముందే చేసి పెట్టుకుంటాం, దాన్ని మిగిలిపోయిందంటామా? చేప ముక్క ఒక పిసరు చిన్నగా ఉండొచ్చు, అది ఒప్పుకుంటాను.

నాణ్యత కన్నా అడగాల్సింది ఇంకోటి ఉంది, అసలు లాభమా కాదా అని. మెనూలు ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. మామూలు మెనూ పక్కన పెట్టుకుని కూడండి. స్టార్టర్ 19, మెయిన్ 34, డెజర్ట్ 13 ఉన్నచోట 60 మెనూ తీసుకుంటే మిగిలేది 6 డాలర్లు. మీరు ఎటూ డెజర్ట్ తినకపోతే నష్టమే. మామూలుగా మెయిన్ ఒక్కటే 50 దాటే చోటికి వెళ్తేనే దీనికో అర్థం. నన్నడిగితే 30 డాలర్ల లంచ్ అన్నిటికన్నా మేలు. రెండే కోర్సులు, అదే గది, అదే టేబుల్ క్లాత్, వెలుతురు కూడా బాగుంటుంది.

ఇక శాకాహారం. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎండాకాలం విడత చాలాసార్లు శ్రావణ మాసంతో కలుస్తుంది. (శనివారం ఈ మెనూ సాధారణంగా ఉండదు. శనివారం నీసు ముట్టని ఇళ్లకి ఆ ఒక్క విషయంలో మాన్‌హట్టన్ కలిసొచ్చింది.)

మనం వెజిటేరియన్ అంటే ఒక అర్థం, ఇక్కడి వంటింట్లో ఇంకో అర్థం. ముక్క కనబడకపోతే చాలామందికి అది వెజిటేరియనే. రిసోటో అనే ఇటలీ అన్నం వంటకాన్ని చాలాచోట్ల చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఎముకలు ఉడికించిన నీళ్లతో వండుతారు. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరులో ఉల్లిపాయే ఉన్నా అడుగున ఉండేది బీఫ్ స్టాక్. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ అనే చేప. పన్నాకోటా అనే క్రీమ్ డెజర్ట్ గడ్డకట్టేది జెలటిన్‌తో, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. అసలైన పార్మిజానో చీజ్‌లో దూడ కడుపులోంచి తీసే రెనెట్ వాడతారు.

కొన్నేళ్ల కిందట ఒక ఆంటీ పుట్టగొడుగుల రిసోటో సగం తిన్నాక నన్ను పిలిచి, “బాబూ, చాలా బాగుంది, ఇంట్లో చేసుకుంటా, ఇందులో ఏం వేస్తారు?” అన్నారు. నా నోరు ఎండిపోయింది. ఆర్డర్ తీసుకున్నది నేను కాదు, కానీ అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. చెంచా పక్కన పెట్టి, నాప్‌కిన్ మడతపెట్టి, కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత మాట్లాడిందంతా వాళ్లమ్మాయే. నా మీద అరిచింది, అరిస్తే అరిచింది.

కాబట్టి “వెజిటేరియన్” అని ఊరుకోకండి. “నో మీట్, నో ఫిష్, నో చికెన్ స్టాక్, నో జెలటిన్” అని విడివిడిగా చెప్పండి. గుడ్డు కూడా తినకపోతే అదీ చెప్పండి, ఫ్రెష్ పాస్తాలో, సగం డెజర్ట్‌లలో గుడ్డుంటుంది. బుక్ చేసేటప్పుడే నోట్‌లో రాయండి. పొద్దున తెలిస్తే వేరే గిన్నె పెట్టగలరు, రాత్రి ఎనిమిదింటికి తెలిస్తే సలాడే గతి. ఒక్కటి మాత్రం చేయొద్దు. “ఎలర్జీ అని చెప్పండి, అప్పుడు జాగ్రత్తగా చేస్తారు” అని సలహాలు తిరుగుతుంటాయి. ఎలర్జీ అనగానే వంటింట్లో బోర్డులు, కత్తులు, గ్లోవ్స్ అన్నీ మారుస్తారు. ఆ వెంటనే మీరు పక్కవాళ్ల ప్లేటులోంచి ఒక ముక్క రుచి చూస్తే, తర్వాత నిజంగా ఎలర్జీ ఉన్న పిల్లాడు వచ్చినప్పుడు మావాళ్లు నమ్మరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పేరు వీక్, నడిచేది మూడు నాలుగు వారాలు. 1992లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ ఈ ఊళ్లో జరిగినప్పుడు 19 డాలర్ల 92 సెంట్లకి లంచ్ అని మొదలుపెట్టారు, ఆ పేరు అలా ఉండిపోయింది. సూటు అక్కర్లేదు, ప్యాంటు చొక్కా చాలు, చీరకైతే తిరుగే లేదు. ఒక మెనూ తీసుకుని ఇద్దరు పంచుకోవడం సాధారణంగా కుదరదు. పిల్లలకి మామూలు మెనూలోంచి ఒక పాస్తా చెప్పుకోవచ్చు. కొన్నిచోట్ల రెస్టారెంట్ వీక్ మెనూ అడిగితేగానీ ఇవ్వరు, అడగండి, అది మీ హక్కే. బుక్ చేసి రాకపోతే కార్డు మీద మనిషికింత అని వేసే చోట్లు పెరిగాయి, రద్దు చేయాలంటే ముందు రోజే చేయండి. స్టేక్ ఎర్రగా వద్దంటే “వెల్ డన్” అనండి, షెఫ్ మూతి ముడిస్తే ముడిచాడు, తినేది మీరు. ఏ ఫోర్కు ముందు అనేది బయటి నుంచి లోపలికి, అదీ తప్పితే ఎవరూ చూడరు. నేను మొదటిసారి ఇలాంటి చోట తిన్నది హైదరాబాద్‌లో ట్రైనీగా, బటర్ కత్తితో చేప కోశాను. పక్కన మా సీనియర్ ఉండి కూడా ఏమీ అనలేదు.

ఆ రాత్రి సంగతి పూర్తి చేస్తాను. కుర్రాడు కార్డు పెట్టేలోపు పెద్దాయన చెయ్యి చాపి చీటీ తీసుకున్నారు. కళ్లజోడు పైకెత్తి ఒక్కో లైనూ వేలు పెట్టి చదివారు. 18 దగ్గర వేలు ఆగింది.

“బాబూ, ఇదేంటి?”

“నీళ్లు, అంకుల్.”

“ఏం నీళ్లు?”

చెప్పాను. ట్యాప్ గురించీ, 39-58-77 గురించీ, 30 డాలర్ల లంచ్ గురించీ అన్నీ చెప్పాను. ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆంటీ మాత్రం మొహం చిన్నబుచ్చుకున్న కొడుకు వీపు నిమురుతూ, ఆ చాక్లెట్ కేకు ఎంత బాగుందో నాకు రెండుసార్లు చెప్పారు.

ఆగస్టు రెండో వారంలో నలుగురూ మళ్లీ వచ్చారు, మధ్యాహ్నం, లంచ్‌కి. ఈసారి నా సెక్షన్‌లోనే బుక్ చేశారు. నోట్‌లో ఒకరికి మాంసం, చేప, చికెన్ స్టాక్, జెలటిన్ వద్దని రాసి ఉంది. ఆంటీకి శ్రావణం. వంటింట్లో పొద్దున్నే చెప్పి పెట్టాను. నేను మెనూలు తేవడానికి వెళ్తే, కొత్తగా చేరిన కుర్రాడు టేబుల్ దగ్గరికి వెళ్లి నవ్వుతూ “స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?” అన్నాడు.

కొడుకు నోరు తెరిచేలోపే ఆంటీ అచ్చ తెలుగులో చెప్పేశారు.

“పంపు నీళ్లు చాలు నాయనా.”

వాడు నా వైపు చూశాడు. “ట్యాప్” అన్నాను.