ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో ఆహారం, సప్లిమెంట్లు: అపోహలు - వాస్తవాలు

గ్లీసన్ స్కోరు (గ్రంథి ముక్క తీసి చూసే బయాప్సీలో క్యాన్సర్ తీవ్రతకు ఇచ్చే అంకె) 6, పీఎస్‌ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రొటీన్) 10 లోపు, గడ్డ ప్రోస్టేట్ గ్రంథి దాటలేదు. రిపోర్టు ఇలా వచ్చిన చాలామందికి యూరాలజిస్టులు వెంటనే ఆపరేషన్ చెప్పరు. పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, కావాల్సినప్పుడు మళ్లీ బయాప్సీ చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. దీన్నే యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. ‘క్యాన్సర్ అంటారు, మందు లేదంటారు, ఇదేం వైద్యం?’ అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అక్కడే సప్లిమెంట్లు దూరతాయి. క్యాన్సర్ రోగులకు ఆహారం చెప్పే డైటీషియన్‌గా నేను రోజూ చూసేది ఆ డబ్బాలనే. వాటిలో చాలావరకు అమెరికాలో ఉన్న పిల్లలు ప్రేమతో పంపినవే.

అపోహ: విటమిన్లేగా! మేలు చేయకపోయినా కీడు చేయవు.

చేస్తాయి. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 2001లో ‘సెలెక్ట్’ అనే పెద్ద పరీక్ష మొదలైంది. ప్రోస్టేట్ క్యాన్సర్ లేని 35 వేల మందికి పైగా మగవాళ్లు అందులో చేరారు. విటమిన్-ఇ 400 యూనిట్లు, సెలీనియం 200 మైక్రోగ్రాములు క్యాన్సర్‌ను ఆపుతాయేమో చూద్దామన్నది ఆలోచన. ప్రయోజనం కనబడక 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో లెక్క తేలింది: ఒక్క విటమిన్-ఇ మాత్రమే వాడినవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

ఇప్పుడు డబ్బాలు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. మల్టీవిటమిన్‌లో విటమిన్-ఇ ఉంటుంది, ‘ప్రోస్టేట్ హెల్త్’ డబ్బాలో ఉండొచ్చు. కంటి రెటీనా కోసం ఇచ్చే కొన్ని మాత్రల్లో అయితే ఆ 400 యూనిట్లూ, దానికి తోడు 80 మిల్లీగ్రాముల జింకూ ఉంటాయి. కంటి డాక్టరు రాసినవి మీ అంతట మీరు ఆపకండి, ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి. మిగతావి ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు.

అపోహ: ఫలానా క్యాప్సూల్ వాడాక పీఎస్‌ఏ తగ్గింది, అంటే పనిచేసినట్టే.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఇక్కడే. ఈ దశలో జబ్బు చాలామందిలో దానంతటదే నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మదితనాన్ని ఎవరి క్యాప్సూల్ వాళ్లు తమ ఖాతాలో వేసుకుంటారు. పైగా పీఎస్‌ఏ ఏ మందూ లేకుండానే కొంచెం ఎక్కుతుంది, దిగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది, అది తగ్గాక మెల్లగా దిగుతుంది.

జుట్టు కోసం వాడే బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో పీఎస్‌ఏ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జబ్బు మారదు, కాగితం మీద అంకె మారుతుంది.

‘పీసీ-స్పెస్’ కథ ఇంకో రకం. మూలికల మందుగా అమెరికాలో బాగా అమ్ముడుపోయింది, పీఎస్‌ఏ నిజంగానే తగ్గించింది. తీరా పరీక్షిస్తే కొన్ని బ్యాచుల్లో కృత్రిమ స్త్రీ హార్మోను, రక్తం పలచబరిచే వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో వెనక్కి తీసుకున్నారు. ‘హెర్బల్, సైడ్ ఎఫెక్టులుండవు’ అన్నమాట వినగానే నాకు ఇదే గుర్తొస్తుంది.

అపోహ: కూరగాయలు బాగా తింటే గడ్డ కరుగుతుంది.

సర్వైలెన్స్‌లో ఉన్న 478 మందితో అమెరికాలో ‘మీల్’ అనే పరీక్ష జరిగింది. సగం మందికి ఫోన్‌లో సలహాలిచ్చి కూరగాయలు ఎక్కువ తినిపించారు. వాళ్లు నిజంగానే తిన్నారు. అయినా రెండేళ్లలో జబ్బు ముదరడంలో తేడా రాలేదని 2020లో ప్రచురించారు.

కొంచెం ఆశ కలిగించింది 2024లో వచ్చిన ‘కాప్‌ఫిష్-3’ అనే పరీక్ష. వంద మందిలో సగం మంది ఏడాదిపాటు వేపుళ్లవంటి ఒమేగా-6 ఎక్కువున్న తిండి తగ్గించి, చేపలు, చేపనూనె తీసుకున్నారు. కణాల విభజన వేగం చెప్పే కేఐ-67 వాళ్లలో సుమారు 15 శాతం తగ్గింది, మిగతావాళ్లలో 24 శాతం పెరిగింది. గ్లీసన్ గ్రేడులో మాత్రం తేడా లేదు. పూరీలు, బజ్జీలు మానకుండా చేపనూనె ఒక్కటీ మింగితే ఇదే ఫలితం వస్తుందని ఆ పరీక్ష చెప్పలేదు.

అపోహ: పాలు, గుడ్డు, మాంసం, తీపి అన్నీ మానేయాలి.

మానేసి చిక్కి శల్యమై వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చక్కెర మానితే గడ్డ ఆకలితో చచ్చిపోదు. గ్లాసు పాలు, కప్పు పెరుగు, గుడ్డు తినొచ్చు. కాల్షియం మాత్రలు మాత్రం డాక్టరు రాస్తేనే.

అసలు భయపడాల్సింది గుండెజబ్బుకు. బ్రిటన్‌లో ‘ప్రొటెక్ట్’ అధ్యయనంలో 1,643 మందిని సుమారు 15 ఏళ్లు గమనించారు. చనిపోయినవారు 356 మంది, అందులో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు 45 మందే, మిగతావాళ్లు గుండెజబ్బులాంటి వేరే కారణాలతో పోయారు. అందుకే నేను రాసిచ్చే చీటీ బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇచ్చేదానిలాగే ఉంటుంది: అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచడం, చేప వేపుడు బదులు పులుసు, పచ్చడి పేరుకు మాత్రం, సిగరెట్ బంద్, రోజూ అరగంట చురుగ్గా నడక. ‘దీనికోసమా ఇంత దూరం వచ్చింది?’ అని ముఖం మీదే అన్నవాళ్లున్నారు.

బయాప్సీ తేదీ ఖాయమైతే ఇంట్లో ఉన్న ప్రతి డబ్బానూ ముందూ వెనకా ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. చేపనూనె, వెల్లుల్లి క్యాప్సూల్, విటమిన్-ఇ రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేయొచ్చు. ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయనే చెబుతారు.