మడ ఆపిల్‌కి ఉప్పు కంటే మంచినీళ్లే ముఖ్యం

తిరుపతి జిల్లా అనగానే కొండ, మామిడి తోటలు, ఎర్రచందనం గుర్తొస్తాయి గానీ సూళ్లూరుపేట, తడ వైపు వెళ్తే మనకూ పులికాట్ ఉంది, ఉప్పునీటి బురద ఉంది. అందుకే మడ ఆపిల్ గురించి విన్నవాళ్లకి వెంటనే వచ్చే సందేహం ఒకటుంది: తినే కాయలు కాసే మడ చెట్టు ఉన్నప్పుడు దాన్ని పులికాట్ ఒడ్డున ఎందుకు పెంచకూడదు? సరైన ప్రశ్నే.

దీని శాస్త్రీయ నామం సొన్నరేషియా కేసియోలారిస్. శ్రీలంక, మలేషియా, ఇండోనేషియా, వియత్నాం లాంటి చోట్ల, నదులు సముద్రంలో కలిసే ముందు బాగా కనిపిస్తుంది. కాయ గుండ్రంగా, పైనుంచి కాస్త నొక్కినట్టు, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. వంకాయకు ముచ్చిక ఉన్నట్టే దీనికీ తొడిమ దగ్గర ఆకుపచ్చ రేకులు నక్షత్రంలా విచ్చుకుని గట్టిగా అతుక్కుని ఉంటాయి, కాయ పండినా ఊడవు. కోస్తే గుజ్జు నిండా సన్నటి గింజలు. పచ్చికాయ బాగా పులుపు, పండాక మెత్తబడి చీజ్ లాంటి వాసన వస్తుంది. శ్రీలంకలో పండు గుజ్జు పిసికి, గింజలు వడగట్టి, కొబ్బరిపాలు కలుపుకుని తాగుతారు. వియత్నాంలో మెకాంగ్ డెల్టావాళ్లు చేపల పులుసులో, మనం చింతపండు వేసే చోట, ఇది వేస్తారు.

పువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది, తెల్లారేసరికి కేసరాలు రాలిపోతాయి. ఆ ఒక్క రాత్రిలోనే తేనె తాగే గబ్బిలాలు వచ్చి పరాగసంపర్కం చేసిపోవాలి. మలేషియాలో కువాలా సెలంగోర్ దగ్గర మిణుగురులు గుంపులుగా చేరి ఒకేసారి వెలిగి ఆరేది కూడా ఈ చెట్ల మీదే.

అసలు విషయం వేళ్ల దగ్గర ఉంది. మడ బురదలో గాలి ఆడదు, ఉన్న కాస్త ఆక్సిజన్‌ని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి. అందుకని ఈ చెట్టు బురదలోంచి మొనదేలిన వేళ్లని నిటారుగా పైకి పంపిస్తుంది, ఒక్కోటి అడుగు, రెండడుగులు, ఇంకా ఎక్కువ కూడా. వాటి మీదున్న సన్నటి రంధ్రాల ద్వారా ఆటుకి నీళ్లు తగ్గినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది. పోటొచ్చి మునగాలి, మళ్లీ తేలాలి. ఎప్పుడూ మునిగే ఉంటే ఊపిరాడక చచ్చిపోతుంది. ఇక ఉప్పు సంగతి: సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, ఈ చెట్టుకి 10 గ్రాముల లోపుంటేనే హాయి. అందుకే సముద్రపు అంచున కాకుండా నదిలో పైకి, మంచినీటి ఒరవడి ఉన్న చోట బతుకుతుంది.

ఇప్పుడు పులికాట్‌కి వద్దాం. వానాకాలంలో కాళంగి, ఆరణి నదుల నీళ్లు చేరి ఉప్పు బాగా తగ్గుతుంది, కానీ అవి ఏడాది పొడుగునా పారే నదులు కావు. ఎండాకాలంలో నీళ్లు ఇగిరిపోయి సరస్సులో ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. పైగా సముద్రం సరస్సులో కలిసే రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఆటుపోట్లే లోపలికి రావు. మత్స్యకారులు ఆ పూడిక తీయమని అడిగేది చేపల కోసం, రొయ్యల కోసం. మడ చెట్లకీ అదే కావాలి. నా మటుకు, మొక్కలు నాటే ముందు చేయాల్సిన పని ముఖద్వారం తెరిచి ఉంచడమే. నాటాలనుకుంటే అంత ఉప్పుని తట్టుకునే తెల్లమడ లాంటిది ఎంచుకోవాలి. మడ ఆపిల్‌ని తెచ్చి అక్కడ పెడితే మే నెల దాటడం కష్టం.

ఇంట్లో సరదాగా పెంచాలంటే మాత్రం ఉప్పునీళ్లు కలపనక్కర్లేదు. పెద్ద టబ్బులో ఒండ్రుమట్టి వేసి మామూలు నీళ్లతో బురదగా ఉంచితే మొక్క పెరుగుతుంది, ఎందుకంటే ఉప్పు దీనికి అవసరం కాదు, ఓర్చుకోగలదు అంతే. నీడ అస్సలు పనికిరాదు, నేరుగా ఎండ తగలాలి. మన ఎండలకి టబ్బు ఒక్కరోజు కూడా ఎండిపోకుండా చూసుకోవాలి.