ఉప్పు తీసే పొరకు క్లోరిన్ గండం

సముద్రపు నీటిని పీడనంతో పలుచని పొర గుండా నెట్టి మంచినీటిగా మార్చే రివర్స్ ఆస్మోసిస్ కేంద్రాలలో నేడు ఎక్కువగా వాడే పాలిఅమైడ్ (నైలాన్ కోవకు చెందిన ప్లాస్టిక్) పొర ఉప్పును 99 శాతానికి పైగా ఆపగలదు గాని, నీటిలోని క్రిములను చంపడానికి వేసే క్లోరిన్‌ను మాత్రం తట్టుకోలేదు. ఈ బలహీనత పొర పుట్టుకలోనే ఉంది.

1950ల చివర ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం మొక్కల సెల్యులోజ్ నుంచి తయారుచేసే సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని నిరూపించింది. అయితే దాని గుండా దిగే నీరు మరీ తక్కువ. తరువాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, పైన అతి పలుచని దట్టమైన పొర, దాని కింద స్పంజిలాంటి ఆధారం ఉండేలా అదే పదార్థాన్ని తయారుచేయడంతో నీటి ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణానికి ఈ పద్ధతిలోనే నీరందింది.

సెల్యులోజ్ ఎసిటేట్ కొద్దిపాటి క్లోరిన్‌ను ఓర్చుకునేది. కాని నీటి ఆమ్లత్వం కాస్త అటూ ఇటూ అయితే అది విచ్ఛిన్నమయ్యేది, సూక్ష్మజీవులకు ఆహారమయ్యేది, పీడనానికి అణిగిపోయేది. 1970లలో జాన్ కాడొట్ ఈ లోపాలకు విరుగుడు కనిపెట్టారు. నీటిలో కరిగిన డైఅమీన్, నీటితో కలవని సేంద్రియ ద్రావణిలో కరిగిన ఆమ్ల క్లోరైడ్ అనే రెండు రసాయనాలు పాలిసల్ఫోన్ అనే ప్లాస్టిక్ ఆధారం మీద కలుసుకున్నచోట, మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు మందంతో పాలిఅమైడ్ పొర ఏర్పడుతుంది. ఇంత సరళమైన ఉపాయంతో ఇంత పెద్ద ఫలితం సాధించిన సందర్భాలు పదార్థ శాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

ఈ పొరకు బలమిచ్చే అమైడ్ బంధమే (కార్బన్, నత్రజని పరమాణువుల మధ్య బంధం) క్లోరిన్‌కు దారి ఇస్తుంది. క్లోరిన్ ముందు ఆ బంధంలోని నత్రజని మీది హైడ్రోజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఈ దశలో క్షారంతో కొంత సరిదిద్దవచ్చు. ఆ పైన పక్కనున్న బెంజీన్ వలయంలోకి చేరితే మాత్రం నష్టం శాశ్వతం: గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సడలి, ఉప్పు దాటిపోతుంది. అందుకే క్లోరిన్ వేసిన నీటిలోంచి, పొరను చేరకముందే, సోడియం బైసల్ఫైట్‌తో దానిని తొలగిస్తారు. క్లోరిన్ లేకపోవడంతో పొర మీద మిగిలిన బ్యాక్టీరియా జిగురులా పేరుకుంటుంది, పీడనం పెంచవలసి వస్తుంది, మళ్లీ మళ్లీ చేసే రసాయన శుద్ధి పొర ఆయుష్షును తగ్గిస్తుంది.

ప్రత్యామ్నాయాలకూ లోపాలున్నాయి: అమైడ్ బంధమే లేని సల్ఫోనేటెడ్ పాలిసల్ఫోన్ పొరలు క్లోరిన్‌ను బాగా తట్టుకున్నా, నీటిలో కాల్షియం ఉంటే సోడియంను ఆపే శక్తి తగ్గుతుంది. పైపెరజీన్ అనే మరో డైఅమీన్‌తో చేసిన పాలిఅమైడ్‌లో దాడికి గురయ్యే ఆ హైడ్రోజన్ లేదు. కాని అది సాధారణ ఉప్పును చాలినంతగా ఆపదు. పరీక్షల తీరు మరో చిక్కు: ప్రయోగశాలలో ఎక్కువ గాఢత గల క్లోరిన్‌లో పొరను కొన్ని గంటలు ఉంచి చూస్తారు, కేంద్రాలలో మాత్రం అతి స్వల్ప క్లోరిన్ ఏళ్ల తరబడి తగులుతుంది. ఆమ్లత్వాన్ని బట్టి చర్య తీరు మారుతుంది కాబట్టి, గాఢతను కాలంతో గుణించి వచ్చిన అంకె ఒక్కటే రెండు పొరల మన్నికను పోల్చడానికి చాలదు.